దాటిపోయిన పళ్ళెం

“వద్దన్నానా! ఎన్నిసార్లు వడ్డిస్తావు నాయనమ్మా?”

ప్రమీల కంచాన్ని అవతలికి నెట్టేసింది. అన్నం మీద పోసిన కోడికూర చల్లారిపోయి చాలాసేపయింది.

“కూరేం చేసిందే నీకు? మీ నాన్న మీద కోపముంటే వెళ్ళి నాన్న మీద చూపించు. చచ్చిపోయిన కోడి మీదా నీ ప్రతాపం?” అంటూ బసవమ్మ మరో ముక్క ఏరి మనవరాలి కంచంలో వేసింది.

“ఆ క్యారేజీ ఎవరింటి నుంచి వచ్చిందో తెలుసుగా నీకు?”

“ఎందుకు తెలీదూ? ప్రతి ఆదివారం ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కణ్ణుంచే వచ్చింది. యలమంద మేష్టారింటి నుంచి. ఇవాళ కారం కాస్త ఎక్కువైంది. అదొక్కటే తేడా.”

“అదొక్కటే తేడానా! పొద్దున చర్చిలో ప్రభు భోజనం వేళ ఎస్తేరమ్మత్త మోకాళ్ళ మీద ఉండి రొట్టె కోసం చేతులు చాపితే, నాన్నగారు పళ్ళెం తీసుకుని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. నువ్వు చూళ్ళేదా? అంతపనీ చేయించిన మనిషి పంపిన కూర మనం చప్పరించుకుంటూ తినాలా?”

“ప్రమీలా!” అంది సుగుణ.

ఆ ఒక్క మాటా గద్దింపులా రాలేదు, బతిమాలుకున్నట్టు వచ్చింది. కూతురు తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. సుగుణ చప్పున వంగి నీళ్ళ చెంబు అందుకుంది.

“నువ్వయినా చెప్పమ్మా. ఎస్తేరమ్మత్త బొట్టు పెట్టుకుని తోటలో పూజలు చేసే మనిషంటే నువ్వు నమ్ముతావా?”

“ముందు అన్నం తిను.”

“అది కాదు నేనడిగింది.”

“తినమంటున్నానా!”

ప్రమీల లేచి చెయ్యి కడుక్కుంది. వీధి గదిలో పాస్టరు విజయరత్నం దగ్గాడు. ఆయనకింకా భోజనం పెట్టలేదు. ఆకలిగా లేదన్నాడు. ఆరాధనయ్యాక మార్చుకున్న బనీనుతో కిటికీ దగ్గర కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు.

“నా కొడుక్కి తిండి లేదు, నా మనవరాలికి తిండి లేదు. ఇంక నేనూ నువ్వూ మిగిలాం. నువ్వేం చేస్తావు, తింటావా, మానేస్తావా?” అంది బసవమ్మ.

సుగుణ కంచాలు ఎత్తింది. దొడ్డిగుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. కూతురి ముఖం ఎదురుగా చూసే ధైర్యం ఆమెకు లేదు.

ఎందుకంటే ఆ బొట్టు బొట్టు కాదని సుగుణకు నిన్న పొద్దుటే తెలుసు.

*

నిన్న పొద్దున పంపు దగ్గర ఎస్తేరమ్మ బిందె పెట్టి వంగినప్పుడు, నుదుటి మీద ఎర్రటి మచ్చ చూసి సుగుణే అడిగింది.

“ఇదేంటి ఎస్తేరమ్మా, ముఖాన?”

“మామిడి సొనండి అమ్మగారూ. మొన్న దశరథరామయ్యగారి తోటలో తొలికోత కదా, కాయ తొడిమ విరుస్తుంటే సర్రున చిమ్మింది. కంట్లో పడకపోవడం దేవుడి దయ. బొబ్బెక్కి ఒకటే మంట. అక్కడే పసుపూ సున్నం కలిపి పెట్టాను.” ఎస్తేరమ్మ బిందె చంకనెత్తుకుని నవ్వింది. “ఎర్రగా ఉందాండీ? ఈ వయసులో దూరం నుంచి చూసినవాళ్ళు పెళ్ళికూతురేమో అనుకుంటారు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని ఏ ఆడదానికి తెలియదు? సుగుణ ఇంటికొచ్చి ఆ సంగతే మరిచిపోయింది.

సాయంత్రం యలమంద వచ్చేదాకా.

యలమంద సంఘపెద్ద. హెడ్మాస్టరు పని చేసి రిటైరయ్యాడు. ఉంగుటూరు నుంచి విజయరత్నం ఇక్కడికి బదిలీ మీద వచ్చిన నాటి నుంచీ ప్రతి సాయంత్రం వచ్చి వీధి గదిలో కూర్చోవడం ఆయన అలవాటు. ఎవరింట్లో ఏం జరిగింది, ఎవరు ప్రార్థనకు రాలేదు, ఎవరి కొడుకు హనుమాన్ జంక్షన్‌లో సినిమా హాలు దగ్గర కనిపించాడు, అన్నీ ఆయన నోటి మీదుగానే పాస్టరు చెవిన పడేవి. చెప్పే ముందు మాత్రం ఎప్పుడూ ఆ వారం ప్రసంగాన్ని మెచ్చుకునేవాడు.

నిన్న కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్ళిన సుగుణకు గుమ్మంలోనే ఆయన మాట వినిపించింది.

“నా కళ్ళతో నేను చూశానండి అయ్యగారూ. కోతయ్యాక తోటలో చెట్టు మొదట్లో కొబ్బరికాయ కొట్టారు. ఎస్తేరమ్మ పక్కనే నిలబడి ఉంది. చేతిలో కొబ్బరి చెక్క, నుదుటన ఇంత కుంకం. మన సంఘం మనిషండీ! రేపు అదే నుదురు వంచి ప్రభు బల్ల దగ్గరికొస్తుంది. మీరు పళ్ళెం చాపుతారు. కుర్రకారు ఏమనుకుంటుందో ఆలోచించండి.”

“అదీ...” అంటూ సుగుణ ఒక అడుగు లోపలికి వేసింది.

విజయరత్నం చెయ్యెత్తాడు. కోపంగా ఏమీ కాదు. బస్సు ఆపినట్టు అరచెయ్యి చూపించాడు. “సంఘం సంగతి మాట్లాడుకుంటున్నాం సుగుణా. గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళు.”

ఆమె గ్లాసులు పెట్టి వచ్చేసింది.

కిందటి క్రిస్మస్‌కి పాటల బృందం విషయంలో ఆమె ఏదో సలహా చెబితే, సంఘపెద్దలందరి ముందూ ఆయన నవ్వుతూ “మా ఇంట్లో ఇంకో పాస్టరుగారు ఉన్నారండోయ్, మీకు తెలీదు” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచీ సంఘం సంగతుల్లో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. విప్పలేదు కూడా.

నిన్న రాత్రి ఆయన పక్కనే పడుకుని, చెప్పనా వద్దా అని అనుకోకపోలేదు. అడగనీ, అడిగితే చెబుతా అనుకుంది. ఆ తర్వాత ఇంకో ఆలోచన కూడా వచ్చింది. యలమంద మాట విని ఎస్తేరమ్మను పిలిచి చీవాట్లు పెడతాడు. అసలు సంగతి ఆవిడే చెబుతుంది. అప్పుడు సిగ్గుపడతాడు. ఎవరి మాట వినాలో ఆ దెబ్బతో తెలిసొస్తుంది.

ఆ ఆలోచన ఆమెకు హాయిగా ఉంది. ఆ హాయిలోనే నిద్రపట్టింది.

పళ్ళెం దాటిపోతుందని ఆమె అనుకోలేదు. దాటిపోయింది. అప్పుడు కూడా ఎస్తేరమ్మకు నాలుగు చేతుల దూరంలోనే ఉండి, తన వంతు రొట్టె తను తీసుకుని, కళ్ళు మూసుకుని మింగింది.

*

పొద్దు వాలుతుండగా, ప్రమీలా బసవమ్మా బయటికెళ్ళిన వేళ, దొడ్డిగుమ్మం దగ్గర అలికిడయింది.

“అమ్మగారూ.”

ఎస్తేరమ్మ. లోపలికి రాలేదు. మామూలుగా అయితే నేరుగా వంటింటి గట్టు దాకా వచ్చి, పీట లాక్కుని కూర్చునే మనిషి. ఇవాళ మెట్టు కిందే ఆగిపోయింది. నుదుటి మీద ఎర్రదనం కడిగేసి ఉంది. కింద నల్లగా కమిలిన చర్మం, దాని మధ్య పచ్చిగా పుండు.

“రా ఎస్తేరమ్మా, లోపలికి రా.”

“లేదులెండి. బల్ల గుడ్డ సంగతి అడిగిపోదామని.”

నెలనెలా ప్రభు భోజన సంస్కారం అయ్యాక బల్ల మీది తెల్లగుడ్డ ఉతికి, గంజిపెట్టి తెచ్చేది ఎస్తేరమ్మే. మొగుడు పోయినప్పటి నుంచీ ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

“ఇదిగో, మడిచి పెట్టాను, ఇస్తానుండు” అంటూ సుగుణ తడబడుతూ వెనక్కి తిరిగింది.

“తీసుకెళ్ళడానికి కాదమ్మగారూ. ఈసారి దాన్ని నేను ముట్టుకోవచ్చో లేదో అయ్యగార్ని అడిగి చెబుతారా?”

సుగుణ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఇంతలో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. గొంతు గుర్తుపట్టి విజయరత్నం వచ్చాడు. ఎస్తేరమ్మ కొంగు తల మీదికి లాక్కుని చేతులు జోడించింది.

“వందనాలండి అయ్యగారూ.”

ఆయన ఆమె నుదుటి వైపు చూశాడు. చూసిన చూపు అక్కడే నిలిచిపోయింది.

“ఏంటది?”

“సొనండి. మామిడి సొన. అమ్మగారికి నిన్న పంపు దగ్గర చెప్పానుగా.” ఆమె మామూలుగానే చెప్పింది. దెప్పిపొడుపు లేదు, ఏడుపు లేదు. “ఎర్రగా కనపడితే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని నాకూ అనిపించింది. అమ్మగారికి తెలుసు కాబట్టి మీకు తెలిసే ఉంటుందిలే అని ధైర్యంగా వచ్చాను చర్చికి.”

ఎస్తేరమ్మ కొంగు సర్దుకుంది.

“కొబ్బరి చెక్క తీసుకున్న మాట నిజమేనండి. కూలికి వెళ్ళిన చోట ఆసామి చేతిలో పెడితే ఎట్టా వద్దనేది? ఇంటికి తెచ్చి పక్కింటి పిల్లలకిచ్చాను. నేను తినలేదు. పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను. సొన సంగతి అయ్యగారికి తెలిసి కూడా నన్ను దాటి వెళ్ళారంటే, ఇంకేదో తప్పు చేసే ఉంటాను. ఏం చేశానో ఎంత వెతుక్కున్నా తట్టట్లేదు. చెబితే దిద్దుకుంటానండి.”

విజయరత్నం ద్వారబంధం పట్టుకున్నాడు.

“అడిగితే అప్పుడే చెప్పేదాన్ని అయ్యగారూ” అంది ఎస్తేరమ్మ, తనే ఆయనకు సర్దిచెబుతున్నట్టు. “పర్లేదులెండి. గుడ్డ సంగతి తర్వాత కబురుచేయండి. పంపు దగ్గర ఆడోళ్ళు బిందెలు పక్కకి జరుపుకుంటున్నారు. చీకటి పడకముందే నీళ్ళు పట్టుకోవాలి.”

ఆమె వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా భార్యాభర్తలిద్దరూ అక్కడే నిలబడ్డారు.

“నీకు తెలుసా?” అన్నాడు విజయరత్నం.

“తెలుసు.”

“తెలిసి నాకు చెప్పలేదా?”

“చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.”

“అది సాయంత్రం! రాత్రంతా ఉంది. పొద్దున ఉంది. చర్చికి కలిసి నడిచి వెళ్ళాం. ఎన్ని మాటలు మాట్లాడావు దారిలో! చింతపండు అయిపోయిందని కూడా చెప్పావు. ఇది చెప్పలేకపోయావా?”

“మీరడగలేదు.”

“నేనడగాలా? ఒక మనిషి పరువు పోతుంటే నేను అడిగేదాకా కూర్చుంటావా?”

“మీరు కూర్చోలేదూ? యలమందగారు చెప్పారు, మీరు నమ్మారు. ఎస్తేరమ్మ ఇల్లు ఎంత దూరం? ఇక్కణ్ణుంచి కేకేస్తే పలుకుతుంది.”

“ఆయన చూశానన్నాడు. పొద్దున మోకరించినప్పుడు కొంగు కింద ఎర్రగా నాకూ కనపడింది. ఇంకెవర్నడగాలి?”

“ఆవిణ్ణి.”

ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. తల వంచుకుని, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. “ఆయన మాట వినడానికి బాగుంటుంది సుగుణా. నువ్వు చెబితే... నువ్వు చెబితే నేను చేసింది తప్పని చెబుతావు.”

ఆయన మీద జాలి కలగాల్సిన చోట ఆమెకు సిగ్గు కలిగింది. ఆయన తన తప్పు ఒప్పుకుంటున్నాడు. తనింకా ఒప్పుకోలేదు. రాత్రి తను ఎంత హాయిగా నిద్రపోయిందో ఆయనకు తెలియదు.

*

నాయనమ్మా మనవరాలూ ఇంకా తిరిగి రాకముందే, దీపాల వేళకు యలమంద వచ్చాడు. క్యారేజీ కోసమని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

విజయరత్నం జరిగింది చెప్పాడు. వంటింట్లోంచి సుగుణకు ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది. యలమందకూ బాధ కలిగినట్టే ఉంది.

“అయ్యో, పాపం! నేను చూసింది చూసినట్టు చెప్పానండి. నా తప్పేం లేదు.”

“మీ తప్పని నేననడం లేదు. వచ్చే ఆదివారం సంఘం ముందు చెప్పాలి. నేను విచారించకుండా చేశానని.”

“తొందరపడకండి అయ్యగారూ.” కుర్చీ ముందుకి జరిగిన చప్పుడు. “పాస్టరు సంఘం ముందు నిలబడి తప్పు చేశానంటే, రేపు మీరు తీర్చిన ప్రతి తగువూ తిరగదోడతారు. కమిటీ బదిలీలు చూసేది కూడా వచ్చే నెలలోనే. ప్రమీల ఇంటరు పూర్తి కాలేదు. మిమ్మల్ని ఏ మూలకో విసిరేస్తే? నా మాట వినండి. ఎస్తేరమ్మ పశ్చాత్తాపపడింది, సంఘం క్షమించింది అని రెండు ముక్కలు చెప్పండి. వచ్చే నెల పళ్ళెం ముందు ఆమెకే అందించండి. ఆమెకీ గౌరవం, మీకూ గౌరవం.”

“చెయ్యని దానికి పశ్చాత్తాపం ఏంటండి?”

“మనుషులన్నాక ఏదో ఒకటి చెయ్యకుండా ఉంటారాండీ? మనం మాత్రం చెయ్యమా?” యలమంద చిన్నగా నవ్వాడు. “అయినా ఇవాళ మీ ప్రసంగం! నూజివీడు చుట్టుపక్కల ఇట్లాంటి ప్రసంగం విని ఎన్నాళ్ళయిందో. మా కోడలు ఇంటికెళ్ళాక కూడా అదే మాట.”

తలుపు సందులోంచి భర్త ముఖం సుగుణకు కనిపించింది. పొద్దుటి నుంచీ వాడి ఉన్న ఆ ముఖం, ఆ ఒక్క మాటకి, ఎంత వద్దనుకున్నా కాస్త విప్పారింది. ఆమె చూపు తిప్పుకుంది. అది తను చూడకూడని చోటు అనిపించింది.

“ఆలోచిస్తానండి” అన్నాడు విజయరత్నం.

క్యారేజీ తీసుకుని యలమంద వెళ్ళిపోయాడు.

*

కుటుంబ ప్రార్థనకు బసవమ్మ చాప పరిచింది. రోజూ నలుగురూ దగ్గరగా కూర్చుంటారు. ఇవాళ ప్రమీల గోడకి జారగిలబడింది. తండ్రికి ఎడంగా, తల్లికి ఆనుకుని. ఇంట్లో తన పక్షాన ఉన్నది అమ్మ ఒక్కతే అన్నట్టు, ఆ పిల్ల తల వాల్చి తల్లి భుజం మీద పెట్టింది. ఆ తల బరువు సుగుణకు మోయరానిదిగా తోచింది.

బసవమ్మ తనకొచ్చిన రాగంలో ఒక పాట పాడింది. విజయరత్నం కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంటివాళ్ళ కోసం, రోగుల కోసం, ఈదురుగాలులు రాకుండా తోటల కోసం ప్రార్థించాడు. తర్వాత ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

“మా సహోదరి ఎస్తేరమ్మను జ్ఞాపకం చేసుకోండి తండ్రీ. ఆమెలో తెలిసీ తెలియని లోపాలేమైనా ఉంటే దిద్దండి. ఆమె పశ్చాత్తాపాన్ని అంగీకరించి...”

సుగుణ కళ్ళు తెరిచింది.

ఆయన ముఖం చెమటతో తడిసి ఉంది. ఆ మాటలు చెప్పడం ఆయనకు కష్టంగానే ఉంది. అయినా చెబుతున్నాడు. సాయంత్రం మెట్టు మీద కూర్చుని మాట్లాడిన మనిషి గొంతు కాదది.

ప్రార్థన ముగిసింది. “ఆమెన్” అంది బసవమ్మ గట్టిగా. “ఆమెన్” అని ప్రమీల గొణిగింది.

బసవమ్మ తల తిప్పింది. “ఏమ్మా సుగుణా, నీ ఆమెన్ వినపడలేదు?”

“అనలేదు అత్తయ్యా.”

విజయరత్నం తలెత్తలేదు.

సుగుణ కూతురి తలను నెమ్మదిగా భుజం మీంచి తప్పించి, చాప మీద సర్దుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఎస్తేరమ్మ నుదుటన ఉన్నది బొట్టు కాదు. సొనకి కాలిన పుండు మీద పసుపూ సున్నం. నిన్న పొద్దున ఆవిడే నాకు చెప్పింది.”

“నిన్నా?” అంది ప్రమీల. “నిన్న పొద్దునా?”

“అవును.”

“నీకు తెలుసా అమ్మా? చర్చిలో... పొద్దున చర్చిలో నీకు తెలుసా?”

“తెలుసు. మీ నాన్నగారు నా మాట వినరని నాకు కోపం. ఆయన పొరపాటు పడితే బాగుండుననుకున్నాను. పొరపాటు ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోలేదు. చూశాక కూడా నా రొట్టె నేను తినేసి వచ్చాను.”

ప్రమీల దూరం జరగలేదు. దగ్గరికీ రాలేదు. తల్లిని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది. సుగుణ ఆ చూపు నుంచి ఈసారి తప్పుకోలేదు. కాసేపు దాన్ని అలాగే భరించి, తర్వాత భర్త వైపు తిరిగింది.

“యలమందగారు చెప్పిందంతా విన్నాను. బదిలీ సంగతీ విన్నాను. మీకు ఏం తోస్తే అది చెయ్యండి, నేను అడ్డం రాను.”

“సుగుణా, ఇప్పుడొద్దు” అన్నాడాయన.

“చెప్పనివ్వండి. ఎక్కువసేపు పట్టదు.” ఆమె గొంతు పెంచలేదు. చింతపండు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది. “వచ్చే ఆదివారం ఎస్తేరమ్మ పశ్చాత్తాపపడిందని మీరు చెబితే, ఆడవాళ్ళ వైపు నుంచి నేను లేచి, అది నిజం కాదని చెబుతాను. జరిగింది జరిగినట్టు మీరే చెబితే, మీరు కూర్చున్నాక లేచి నా సంగతి నేను చెబుతాను. మీరు ఏది చెప్పినా నేను లేవడం మాత్రం ఖాయం.”